టెండరులో మామయ్య పేరు

మునిసిపాలిటీ చెత్త లారీ ఏదైనా ఒక పక్కకి ఒరిగి నడుస్తుంటే అది మా దుకాణానికే వస్తోందని మా వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మా నాన్నది కమాన్ పట్టీల దుకాణం. లారీ బరువంతా మోసేది చక్రాల పైన కట్టగా పేర్చి ఉండే ఆ వంపు తిరిగిన ఇనుప పట్టీలే. గుంతల్లో పడి లేచి, పడి లేచి వాటిలో ఒకటి చిట్లుతుంది. లేదంటే వంపు పోయి చదునైపోతుంది. అప్పుడు కట్ట విప్పి, పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి దిమ్మ మీద పెట్టి కొట్టి, పోయిన వంపు మళ్ళీ తెప్పించాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పట్టకారుతో పట్టీని పట్టుకునేవాడు ఒకడుండాలి, సమ్మెట వేసేవాడు ఒకడుండాలి. మా దుకాణంలో పట్టుకునేది నాన్న, సమ్మెట వేసేది మామయ్య. వరసకి పిలిచే మామయ్య కాదు, మా అమ్మకి సొంత అన్న.

పని జరుగుతున్నంతసేపూ వాళ్ళిద్దరి మధ్యా మాట ఉండదు. నాన్న కుడి చేతిలోని చిన్న సుత్తితో పట్టీ మీద ఒక చోట టక్కుమని తడతాడు. సమ్మెట వచ్చి సరిగ్గా అక్కడే పడుతుంది. ఇంకో చోట తడతాడు, అక్కడ పడుతుంది. దాగలి అంచు మీద ఖాళీగా ఒకసారి మోగిస్తే ఇక ఆపమని. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అంతే. "ఇక్కడ కొట్టు బావా" అని నాన్న అనగా నేనెప్పుడూ వినలేదు. పని అయిపోయాక కూడా నాన్న మాటలు లెక్కపెట్టుకునే మనిషి. మామయ్య అలా కాదు. నేను బడి నుంచి వస్తూ దుకాణం ముందు ఆగితే చాలు, చెమట తుడుచుకుంటూ ఏదో ఒకటి అంటాడు.

"మీ నాన్న నోట్లోంచి మాట బయటికి రావాలంటే దాన్నీ కొలిమిలో పెట్టి కాల్చాలే కోడలా," అనేవాడు.

నాన్న వినీ విననట్టు బోల్టులు ఏరుకునేవాడు. ఆయన నవ్వుతున్నాడో లేదో వెనక నుంచి చెవులు చూస్తే తెలిసేది. నవ్వితే నాన్న చెవులు కదులుతాయి.

అమ్మది ఇంకో పద్ధతి. మొగుడూ అన్నా ఒకే కొలిమి దగ్గర పనిచేస్తున్నారు కాబట్టి, దుకాణం మాట ఇంట్లోకి గానీ ఇంటి మాట దుకాణంలోకి గానీ తను మొయ్యకూడదని పెళ్ళయిన కొత్తలోనే ఒట్టు పెట్టుకుందట. మధ్యలో నలిగేది నేనే కదా అనేది. అన్న తరఫున మాట్లాడిందని ఆయన అనుకోకూడదు, మొగుడి తరఫున మాట్లాడిందని ఈయన అనుకోకూడదు. అలాగే నడిచింది, బాగానే నడిచింది. మా రెండిళ్ళ మధ్యా ఎప్పుడూ ఒక్క గొడవ లేదు. గొడవ లేదంటే ఒకళ్ళ మనసు ఒకళ్ళకి తెలిసినట్టేనని అందరం అనుకున్నాం.

టెండరు సంగతి ముందుగా వీధిలోకి తెచ్చింది మైకు. ఊరి ఆ చివర వెల్డింగ్ షాపు ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. గుసగుసగా చెప్పినా నాలుగిళ్ళకి వినపడే గొంతు ఆయనది. వెల్డింగుతో పాటు ఈ మధ్య కమాన్లు కూడా విప్పుతున్నాడు. ఇకమీదట మునిసిపాలిటీ బళ్ళు ఎక్కడ పడితే అక్కడ బాగు చేయించరట, చెత్త లారీలు, నీళ్ళ ట్యాంకర్లు, డ్రైనేజీ బండి, అన్నిటి కమాన్ల పనీ ఏడాదికి ఒకళ్ళకే ఇస్తారట అని టీ కొట్టు దగ్గర నిలబడి చెప్పాడు. అంటే, కాంట్రాక్టు వచ్చినవాడికి ఏడాది పొడుగునా చేతినిండా పని. రానివాడికి ఇన్నాళ్ళూ వస్తున్న లారీలు కూడా ఇక రావు.

నాన్న మర్నాడు ఆఫీసుకి వెళ్ళి ఆ కాగితాలు కొనుక్కొచ్చాడు. ఇంట్లో చదువుకున్నది నేనే కాబట్టి నా ముందు పెట్టాడు. మా ఊరి బడిలో నేను నోరు విప్పితే మాస్టార్లే ఆశ్చర్యపోతారు, కానీ కాగితం చేతిలో ఉంటే గట్టిగా చదవగలను. నాన్న గోడకి ఆనుకుని కూర్చుని కళ్ళు మూసుకుని విన్నాడు. పట్టీలు వంచే ప్రెస్సు మెషిను సొంతంగా ఉండాలి. అనుభవం ఉన్న పనివాళ్ళు కనీసం ఇద్దరుండాలి, వాళ్ళ గుర్తింపు కార్డుల నకళ్ళు జతచెయ్యాలి. కాంట్రాక్టు ఖాయం చేసేముందు ఇంజనీరు వచ్చి దుకాణాన్నీ మనుషుల్నీ చూస్తారు. ఒకే పనివాడి పేరు రెండు టెండర్లలో కనపడితే ఆ రెండు టెండర్లూ కొట్టేస్తారు.

"అదెందుకు పెట్టారు?" అన్నాడు నాన్న కళ్ళు తెరిచి.

ఒకే మనిషిని అందరూ తమ మనిషని చూపించకుండా అయ్యుంటుందని అన్నాను.

"మనకా బాధ లేదులే," అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

మెషిను కొనడం మా తాహతుకి మించిన పని. అయినా అప్పు చేసి కొందామా అని నాన్న అమ్మని అడిగాడు, అమ్మ ఒక్క క్షణం ఆలోచించి సరే అంది. ఎందుకింత సాహసమో నాకు టెండరు నింపే రోజున తెలిసింది. పనివాళ్ళ వివరాలన్న పేజీ వచ్చేసరికి నేను నాన్న పేరు రాయబోయాను. నాన్న నా చెయ్యి ఆపాడు.

"ముందు మామయ్య పేరు రాయి."

రాశాను. పక్క గడిలో చేసే పని రాయాలి. సమ్మెట అని రాయనా అని అడిగాను.

"వద్దు. మేస్త్రీ అని రాయి. నా పేరు దాని కింద రాయి."

నేను తలెత్తి చూశాను. అప్పుడు నాన్న, ఆయన లెక్కలో అది పెద్ద ఉపన్యాసమే, మెల్లగా చెప్పాడు. మామయ్య కుడి భుజం పోతోందట. పొద్దున పని చొక్కా తొడుక్కునేటప్పుడు చెయ్యి పైకి లేవక, ఎడమ చేత్తో ఆ చేతిని ఎత్తుకోవడం చూశాడట. ఇంకా కొన్నాళ్ళు సమ్మెట వేస్తే ఆ చెయ్యి అన్నం ముద్ద ఎత్తడానికి కూడా పనికి రాదు. కాంట్రాక్టు వస్తే పని ఉంటుంది, వంచే కష్టం మెషిను పడుతుంది, మామయ్య నిలబడి వంపు చూసి చెబితే చాలు. అందుకే ఈ టెండరు.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. మామయ్య గుర్తింపు కార్డు నకలు ఎప్పటినుంచో దుకాణం సొరుగులోనే ఉంది, కరెంటు మీటరు మార్పించినప్పుడు సాక్షిగా ఇచ్చినది. నాన్న అదే తెచ్చి ఇచ్చాడు, నేను గుండుసూదితో గుచ్చాను. కవరు అంటించాం. మామయ్యని అడగాల్సిన అవసరమే పడలేదు. ఆయనకి చెప్పే ఉంటాడనుకున్నాను నేను. తెలియకుండా ఎలా ఉంటుంది అనుకున్నాడు నాన్న.

మెషిను ట్రాలీ మీద వచ్చిన రోజున దించడానికి మామయ్యే ఎక్కువ కష్టపడ్డాడు. నేను అమ్మ పంపిన మంచినీళ్ళు తీసుకుని అక్కడికి వెళ్ళాను. అమ్మినాయన కూడా వచ్చాడు. మాటకారి. పాత పట్టీ ఒకటి మెషినులో పెట్టి, పిడి నొక్కి, చెమట చుక్క లేకుండా వంచి చూపించాడు.

"చూశారా. ఇక మీకు సమ్మెట మనిషి కూలి మిగిలినట్టే," అన్నాడు నాన్నతో.

నాన్న మెషిను కాళ్ళకి బోల్టులు బిగిస్తూ కింద కూర్చుని ఉన్నాడు. ఆ మాటకి తల కూడా ఎత్తలేదు. మామయ్య మెషినుని కాదు, నాన్ననే చూస్తూ నిలబడ్డాడు. కాసేపయ్యాక నా చేతిలోంచి నీళ్ళ చెంబు తీసుకున్నాడు.

"బాగానే తింటుందే ఇది ఇనుము," అన్నాడు మెషినుని చూపించి. "దీనికి మధ్యాన్నం అన్నం కూడా పెట్టక్కర్లేదట."

నేను నవ్వాను. ఆయన జోకుకి ఎప్పుడూ నవ్వేదాన్నే కదా అని నవ్వాను.

ఆ మర్నాడు నాన్న బజారు నుంచి ఒక కుర్చీ కొనుక్కొచ్చి మెషిను పక్కన వేశాడు. మా దుకాణంలో అంతకుముందు కుర్చీ అన్నదే లేదు. వచ్చిన డ్రైవర్లు టైరు మీద కూర్చునేవాళ్ళు, మేము కూర్చునేవాళ్ళమే కాదు. మామయ్య సమ్మెట అందుకోబోతే నాన్న అడ్డంగా తల ఊపి కుర్చీ చూపించాడు. మామయ్య కూర్చోలేదట. ఆ పూటంతా వాకిట్లో నిలబడి రోడ్డు మీద పోయే బళ్ళు చూశాడట. ఇది తరవాత తెలిసిన సంగతి. అప్పుడు నాన్న ఇంటికొచ్చి చెప్పింది ఒకటే. మీ మామయ్య ఇవాళ సమ్మెట ముట్టలేదు, భుజానికి కాస్త విశ్రాంతి దొరికింది అని. చాలా రోజులకి నాన్న తృప్తిగా అన్నం తినడం చూశాను.

రెండు మూడు రోజులు గడిచాయేమో, ఒక సాయంత్రం మామయ్య మా ఇంటికి వచ్చాడు. నాన్న ఇంకా దుకాణంలోనే ఉన్నాడు. మామయ్య లోపలికి రాకుండా వాకిట మెట్టు మీద కూర్చున్నాడు. నేను కిటికీ దగ్గర లెక్కలు చేసుకుంటున్నాను. అమ్మ టీ ఇచ్చింది. ఆయన గ్లాసు తిప్పుతూ వానల గురించి మాట్లాడాడు, అత్త కాళ్ళ నొప్పుల గురించి మాట్లాడాడు. నా చదువు ఎలా ఉందని అడిగాడు. తరవాత, అటు తిరిగి వీధిలోకి చూస్తూ అమ్మని అడిగాడు.

"ఇంట్లో ఏమైనా అనుకుంటున్నారా అమ్మాయీ, దుకాణం గురించి?"

అమ్మ చేతిలో చీపురు ఉంది. ఆగింది. ఆవిడకి అంతా తెలుసు. నాలుక చివరిదాకా వచ్చే ఉంటుంది. కానీ ఇన్నేళ్ళుగా కట్టుకున్న గోడ కదా.

"మీ దుకాణం మాటలు నాకెందుకన్నయ్యా. మీరూ మీరూ చూసుకోండి," అంది నవ్వుతూ.

"అంతేలే," అన్నాడు మామయ్య. టీ పూర్తిగా తాగాడు, గ్లాసు మెట్టు మీద జాగ్రత్తగా పెట్టాడు. వెళ్ళేటప్పుడు కిటికీలోంచి నన్ను చూసి చెయ్యి ఊపాడు. ఎడమ చెయ్యి.

ఆ మర్నాడు అత్త వచ్చి, భుజం నొప్పిగా ఉందని మీ అన్నయ్య కొన్నాళ్ళు రానన్నాడని అమ్మతో చెప్పింది. చెబుతున్నంతసేపూ మా పెరట్లో బట్టల తాడునే చూసింది. నాన్నకి చెబితే, "మంచిదే, ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది," అన్నాడు. ఇంజనీరు వచ్చే రోజుకి కబురు పెడితే వస్తాడులే అన్నాడు. వెళ్ళి చూసి వద్దామా అని అమ్మ అంటే, నిద్రపోనీ పాపం అన్నాడు.

ఇంజనీరు వచ్చిన రోజు మా బడికి సెలవు. కాగితాల్లో ఏదైనా అడిగితే చూపించడానికి నాన్న నన్ను రమ్మన్నాడు. దుకాణం ఎప్పుడూ లేనంత శుభ్రంగా ఉంది. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, ఆ చొక్కాతో ఏం ముట్టుకోవాలో తెలియనట్టు చేతులు దూరంగా పెట్టుకుని నిలబడ్డాడు. ఇంజనీరు ఒక ఆడమనిషి. అలసిపోయి ఉన్నా మర్యాదగా మాట్లాడింది. వెనకాల ఫైళ్ళు పట్టుకుని గుమస్తా. ఆవిడ మెషిను చూసింది, కొలిమి చూసింది, విప్పిన కట్ట ఒకటి చేత్తో తడిమి చూసింది. కాగితాల్లో నా చేతిరాత చూసి ఎవరు రాశారని అడిగింది. నాన్న నన్ను చూపించాడు. నేను మెషిను వెనక్కి తప్పుకున్నాను.

"దుకాణం బాగుంది. మీ మనుషులేరి?" అంది ఆవిడ.

"మా బావకి ఒంట్లో బాగాలేదండీ. దగ్గరే ఇల్లు. పిల్లని పంపిస్తా, వచ్చేస్తాడు."

నేను చెప్పులు వేసుకోబోతున్నాను. గుమస్తా ఫైలు తిప్పి, మామయ్య కార్డు నకలు దగ్గర ఆగి, ఆవిడకి చూపించాడు. ఆవిడ వంగి చూసింది. నకలులో ఫొటో మసగ్గా ఉంటుంది, అయినా మామయ్య నుదుటి మీద నిప్పురవ్వ పడిన మచ్చ అందులో కూడా కనిపిస్తుంది. ఆవిడ ఫైలులోంచి నాన్న మొహంలోకి చూసింది.

"పంపకండి," అంది. "ఈయన్ని ఇప్పుడే చూసి వస్తున్నాం."

"ఇంటి దగ్గరా అండీ?"

"వెల్డింగ్ షాపులో. మా ముందు సమ్మెట వేసి చూపించాడు."

నాన్నకి ఆ మాట ఎక్కలేదు. "ఎవరు, మా బావా?" అని అడిగాడు. గుమస్తా ఇంకో ఫైలు తీసి చూపించాడు. అదే మనిషి, అదే నంబరు, పక్కన సంతకం. మైకుకి రెండో మనిషి దొరక్క టెండరు ఆగిపోయేలా ఉందని, ఆఖరి రోజున మామయ్య పేరు తెచ్చి ఇచ్చాడని గుమస్తా చెప్పాడు. నాన్న ఆ కాగితం వైపు చూడలేదు. సమ్మెట వేసి చూపించాడా, ఏ చేత్తో వేశాడు అని అడిగాడు. గుమస్తాకి ఆ ప్రశ్న అర్థం కాలేదు.

రెండు టెండర్లూ పక్కన పెట్టక తప్పదని ఇంజనీరు చెప్పింది. తన చేతిలో ఏమీ లేదంది. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, పేరు ఇస్తున్నట్టు ఆయనతో ఒక్కసారి చెప్పి ఉండాల్సింది కదండీ అంది.

"ఇంటి మనిషికి చెప్పేదేముందండీ," అన్నాడు నాన్న.

ఆవిడ బయటికి నడిచింది. వాళ్ళ జీపు వెళ్ళిపోయాక నాన్న షట్టరు సగం దించి, మళ్ళీ పైకెత్తి, మళ్ళీ దించాడు. ఇంటి దారిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నాన్న మాట్లాడకపోవడం నాకు కొత్త కాదు. కానీ అప్పటిదాకా నాన్న మౌనం పక్కన నడవడం ఎప్పుడూ కష్టంగా అనిపించలేదు.

విన్న అమ్మ బియ్యం చేట పక్కన పెట్టి నేల మీద కూలబడింది.

"ఆ రోజు మెట్టు మీద కూర్చుని అడిగాడు," అంది. "నన్నే అడిగాడు. నా ఒట్టు మండిపోను."

ముగ్గురం కలిసి మామయ్య ఇంటికి బయల్దేరాం. ఇంకా సాయంత్రం కాలేదు. మేము వెళ్ళేసరికి మైకు అక్కడే ఉన్నాడు. వీధి చివరికి ఆయన గొంతు వినపడలేదంటేనే ఏదో అయిందని తెలిసిపోయింది. ఆయనకీ కబురు చేరిపోయింది. మంచం పట్టె మీద కూర్చుని కాళ్ళ మధ్య నేల చూస్తున్నాడు. నాన్నని చూసి లేచాడు.

"ఇద్దరికీ ఒకే దెబ్బ," అన్నాడు మామూలు మనుషుల గొంతుతో. "నేను అడిగా. నువ్వు తీసేశావని తను చెబితే అడిగా. నీ టెండరులో ఉన్నాడని తెలిస్తే అడిగేవాణ్ణి కాదు." ఆ మాటన్నాక నిలబడలేక వెళ్ళిపోయాడు.

మామయ్య గోడ పక్కన నిలబడి ఉన్నాడు. కుడి చెయ్యి కడుపు మీద దాచుకున్నట్టు పెట్టుకున్నాడు. అత్త నాన్నకి పీట వేసింది, నాన్న కూర్చోలేదు.

"నీ పేరే ముందు రాయించా బావా. మేస్త్రీ అని," అన్నాడు నాన్న.

మామయ్య నా వైపు చూశాడు. "నిజమేనా కోడలా?"

నేను తల ఊపాను. నాన్న తన పేరు దాని కింద రాయమన్నాడని కూడా చెబుదామనుకున్నాను, అంతలో మామయ్య అటు తిరిగాడు.

"మేస్త్రీ," అన్నాడు మామయ్య, ఆ మాట తనకి సరిపోతుందో లేదో చూసుకుంటున్నట్టు. "మరి నాకు కుర్చీ ఎందుకు వేశావు?"

"నీ భుజం..."

"అప్పటికి భుజం గురించి నేనెవరితోనూ అనలేదే. నా ఇంటిదానితో కూడా అనలేదు."

"నేను చూశాగా."

"నువ్వు చూశావని నాకెలా తెలుస్తుంది బావా?"

మామయ్య కోపంగా అడగలేదు. ఏదో విడిపోయిన కట్టని చూసి ఏ పట్టీ ఎక్కడ తప్పిందో వెతుకుతున్నట్టు అడిగాడు. మెషిను అమ్మినాయన అంత మాటన్నప్పుడు నాన్న మొహమే చూస్తూ నిలబడ్డానని, కాదని ఒక్క ముక్క వస్తుందేమోనని చూశానని చెప్పాడు. వాడి మాటకి విలువేముందని ఊరుకున్నానన్నాడు నాన్న. నాకుంది, అది నా కూలి గురించిన మాట అన్నాడు మామయ్య.

"సరే, సాగనంపుతున్నారు అనుకున్నా. నా నోటితో నేను అడిగితే నీకు ఇబ్బందని, నువ్వు చెప్పకముందే తప్పుకుంటే మర్యాదగా ఉంటుందని తప్పుకున్నా. టీ కొట్టు దగ్గర మైకు నన్ను చూసి రా అన్నాడు. ఇన్నేళ్ళలో నన్నెవరూ రా అన్లేదు బావా. పిలవకపోయినా ఎటూ వచ్చేవాణ్ణే కదా."

అమ్మ గుమ్మం దగ్గర ఏడుస్తోంది. చప్పుడు లేకుండా ఏడవడం మా ఇంట్లో అందరికీ వచ్చు.

"ఇప్పుడు నేను అంటున్నా," అన్నాడు నాన్న. "రా బావా. కాంట్రాక్టు లేకపోతే పోయింది. రా."

ఆ మాట వినడానికి మామయ్య ఎన్ని రోజులు ఎదురుచూశాడో ఆయన మొహంలో కనిపించింది. ఒక్క క్షణం వచ్చేస్తాడనే అనుకున్నాను. అత్త కూడా అలాగే అనుకుందేమో, ముందుకి ఒక అడుగు వేసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వాడు నన్ను పెట్టుకోకపోతే ఇంకో మనిషిని వెతుక్కునేవాడు. కాంట్రాక్టు వచ్చేదేమో కూడా. నా మూలాన వాడి నోటి దగ్గరి ముద్ద పోయింది. ఇప్పుడు వాణ్ణి వదిలేసి, ఏమీ ఎరగనట్టు నీ దగ్గరికి వచ్చేస్తే వాడికి నా మొహం ఎలా చూపించను?"

"మరి నాకు?"

"నువ్వయితే అర్థం చేసుకుంటావు."

నాన్న అర్థం చేసుకున్నాడు. అక్కడే వచ్చింది చిక్కంతా. కాదనో, కుదరదనో, నాకు నువ్వు లేకపోతే చెయ్యాడదనో గట్టిగా అని ఉంటే మామయ్య మెత్తబడేవాడని అమ్మ ఇప్పటికీ అంటుంది. నాన్న కాసేపు నిలబడి, మామయ్య ఎడమ భుజం మీద చెయ్యి వేసి, తీసేసి, బయటికి వచ్చేశాడు.

కాంట్రాక్టు బయటినుంచి వచ్చిన ఒక కంపెనీకి పోయింది. వాళ్ళకి ఊరి బయట పెద్ద షెడ్డుంది. చెత్త లారీలు ఇప్పుడు ఒరిగినా మా దుకాణం ముందు నుంచే సాగిపోతాయి. పాత డ్రైవర్లు కొందరు హారను కొడతారు, నాన్న చెయ్యి ఎత్తుతాడు. ప్రైవేటు బళ్ళు అప్పుడొకటి ఇప్పుడొకటి వస్తుంటాయి. వాటితో దుకాణం ఎలాగో నడుస్తోంది. మెషిను పని మెషిను చేస్తుంది. వంపు కుదిరిందో లేదో చెప్పేవాళ్ళు లేక, నాన్న పట్టీని వెలుగులోకి ఎత్తి పట్టుకుని తనొక్కడే చాలాసేపు చూసుకుంటాడు. ఒకసారి నన్ను పిలిచి చూడమన్నాడు. నాకేం తెలుస్తుంది, బాగుందన్నాను.

మామయ్య రోజూ పొద్దున మా వీధి మీదుగానే ఆ చివరికి పనికి వెళతాడు. మైకు ఆయన చేత బరువు పని చేయించడం లేదట. తనకి కాంట్రాక్టు పోగొట్టిన మనిషని ఒక్కసారి కూడా దెప్పలేదట. అందుకే మామయ్యకి అక్కణ్ణుంచి కదలడం ఇంకా కష్టమైపోయింది. మైకు నోరు పారేసుకునే మనిషై ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటాను ఒక్కోసారి. అలా అనుకోవడం తప్పే.

నాన్నలో మాత్రం ఒక మార్పు వచ్చింది. అన్నీ చెబుతున్నాడు. బొగ్గు కొనడానికి వెళుతున్నా. ఇవాళ నూనె మారుస్తున్నా. గొడుగు దుకాణంలో మరిచిపోయి వచ్చా, మళ్ళీ చెప్పలేదనుకునేరు. అన్నం వడ్డిస్తున్న అమ్మకి, పుస్తకం ముందు కూర్చున్న నాకు, అవసరం ఉన్నవీ లేనివీ చెబుతాడు. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు నేను పెన్ను కింద పెట్టి వింటాను.

అమ్మ తన ఒట్టు తీసి గట్టున పెట్టింది. రెండు రోజులకోసారి అన్న ఇంటికి వెళుతుంది, అక్కడి మాట ఇక్కడికి, ఇక్కడి మాట అక్కడికి మోస్తుంది. మొయ్యడానికి ఇప్పుడు పెద్ద మాటలేవీ మిగల్లేదు. అత్త కాళ్ళ నొప్పులు తగ్గాయి, వాళ్ళ పెరట్లో కాకర తీగ కాసింది, ఇలాంటివే.

నిన్న కూడా వెళ్ళి వచ్చింది. నాన్న దుకాణం నుంచి తొందరగా వచ్చేసి ఎదురుచూస్తున్నాడు.

"ఏమన్నాడు?"

"ఏమీ అన్లేదు. మీరేమన్నారని అడిగాడు."

నాన్న చాలాసేపు ఆలోచించాడు. నేనూ అమ్మా ఎదురుచూశాం.

"భుజానికి కాపడం పెట్టుకోమన్నానని చెప్పు. రోజూ పెట్టుకోమని," అన్నాడు చివరికి.

"మీరే చెప్పొచ్చుగా. రెండు వీధుల అవతలేగా," అంది అమ్మ.

నాన్న లేచాడు. చొక్కా సర్దుకున్నాడు, చెప్పులు తొడుక్కున్నాడు. వాకిలి దాకా వెళ్ళి, మామయ్య ఇంటి వైపు చూస్తూ నిలబడ్డాడు. తరవాత చెప్పులు విడిచి లోపలికి వచ్చేశాడు.

"పడుకుని ఉంటాడులే ఈపాటికి," అన్నాడు.

బయట ఇంకా ఎండ ఉంది.